బావి సంగతి చివర్లో రాస్తాను

నగర్తపేట, బెంగళూరు
జూన్ 1996, బుధవారం

చి.ల.సౌ. వరూధినికి మునిరాజు ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అమ్మ, నేను కులాసాగా ఉన్నాం. మదనపల్లిలో నువ్వు, అత్తమ్మ, మామయ్య కులాసా అని నీ ఉత్తరంలో చదివాను. అయినా ఆ మాట మళ్ళీ ఒకసారి రాయి. ఒక కార్డు ముక్కైనా చాలు.

నీ ఉత్తరం నిన్న అంగడికి వచ్చింది. స్టీలు పాత్రల మూటలు విప్పుతూ చదివాను. యజమాని చిన్నప్ప రెండుసార్లు పిలిచినా వినపడలేదు. "ఏమప్పా, పెండ్లాము ఉత్తరమా, కోర్టు నోటీసా? మొహం అట్లుండాది" అన్నాడు. నవ్వి, ఉత్తరం జేబులో పెట్టుకుని మూటల పనిలో పడ్డాను.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. బావి సంగతి చివర్లో రాస్తాను. ఇంటి రిజిస్ట్రేషన్ అయిపోయింది. బొమ్మనహళ్ళిలో ఆ పెంకుటిల్లు ఇప్పుడు మనదే. అమ్మిన వెంకటరమణప్ప తాళంచెవి నా చేతిలో పెట్టి, "చిన్నదే, పాతదే. అయితే గోడలు రాతివప్పా, నీ మనవళ్ళ కాలానికీ ఉంటాయి" అన్నాడు. పెంకులు కొన్ని పగిలి ఉన్నాయి. వంటింటి గోడ పొగచూరి నల్లగా ఉంది. ముందుగది ఎర్రనేల మాత్రం నువ్వు చూసినప్పటికంటే బాగుంది, ఎందుకంటే ఆదివారాలు పోయి మోకాళ్ళమీద కూర్చుని రుద్దుతున్నాను. నాలాంటి సోమరి చేత అంత పని చేయించిన ఘనత నీదే.

చుట్టుపక్కల ఎట్లుందన్నావు. మనం చూసి వచ్చినప్పుడు వెనకాల రాగిచేను ఉంది కదా, అక్కడ సైటు రాళ్ళు పాతేశారు. రెండు చోట్ల పునాదులు కూడా తవ్వుతున్నారు. గార్మెంట్సుకు పోయే ఆడపిల్లలు పొద్దున్నే గుంపులుగా మన వాకిలి ముందునుంచే పోతారు. నీకు పొద్దుపోదన్న బాధ ఉండదు.

పాలు ఎప్పుడు పొంగిద్దామని అడిగావు. అమ్మ సంగతి తెలిసిందే. "కోడలు కడుపుతో ఉండంగా కొత్తింట్లో కాపురం పెట్టేది లేదు. గోడకు మేకు కూడా కొట్టొద్దురా. ఏదైనా బిడ్డ పుట్టినాకే" అంటోంది. పోయినసారి ఐదో నెలలో మనకు జరిగింది ఆమె మరిచిపోలేదు. మనం మాత్రం మరిచిపోయామా? అందుకే పెంకులు కూడా ముట్టకుండా, తుడవడం కడగడంతోనే ఆపాను.

ఆ చివరి మాట అబద్ధం. అది రాసి, కలం పక్కన పెట్టి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

నీ ఉత్తరంలో రెండు సంగతులు పక్కపక్కనే రాశావు. "బావిలో నీళ్ళున్నాయా? నేనొచ్చి చేదుకుంటాను" అని ఒకటి. "ఈ మధ్య లోపలున్నవాడు పెద్దగా కదలడం లేదు. బద్ధకం నాయన పోలిక అని అమ్మ నవ్వుతోంది. వచ్చే సోమవారం డాక్టరమ్మకు చూపిస్తాం" అని ఇంకొకటి. నువ్వు నవ్వుతూనే రాశావు. నేను ఆ రెండూ కలిపి మళ్ళీ మళ్ళీ చదివాను.

వరూ, బావి లేదు. మొన్న ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం పూడ్పించేశాను.

ఎందుకో చెప్తాను, విను. దానికి ముందొకరోజు నేను నేల కడుగుతుంటే పక్కింటి చౌడమ్మ మేకపిల్ల మన పెరట్లోకి వచ్చింది. బావి గట్టు మోకాలెత్తు కూడా లేదు, నీకు గుర్తుంది కదా. అది గట్టెక్కి గెంతుతూ లోపల పడింది. నీళ్ళు తక్కువే. తాడు, కొక్కెం వేసి బయటికి తీసేసరికి ప్రాణం పోయింది. చౌడమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఇంకా పాలు కూడా మరవలేదప్పా ఇది" అంది. ఆ మాటకు నాకు మన బిడ్డ పాకుతూ పెరట్లోకి పోవడం కళ్ళకు కట్టింది. ఇనుప జాలీ వేయిస్తే సరిపోయేది. ఆ బుద్ధి ఇప్పుడొస్తోంది. అప్పుడు ఆ గుంత అనేదే లేకుండా పోవాలనిపించింది, అంతే.

మడివాళ దగ్గర కూలికోసం నిలబడే వాళ్ళలో చెన్నయ్య, అతని భార్య ఈరమ్మ దొరికారు. పాలమూరు వైపువాళ్ళు. పునాదుల మట్టి ఒక లారీ తోలించాను. గంప చేతబట్టుకుని, పని మొదలుపెట్టకముందే చెన్నయ్య అడిగాడు.

"సారూ, బాయి పూడ్చుడంటే ఉత్తగ కాదు. మీ ఇంట్ల కడుపుతోని ఎవరన్న ఉన్నరా? ఉంటే మేం ముట్టం."

"ఎవరూ లేరు" అన్నాను.

ఈరమ్మ నా మొహంలోకి చూసింది. "మంచిగ యాది చేసుకో సారూ."

"ఎవరూ లేరమ్మా, కానీండి."

నేను దాచింది ఇది. బావి పూడ్చింది కాదు, ఆ మాట. నువ్వు ఏడో నెల మోస్తుండగా, ఆ బిడ్డకోసమే ఇదంతా చేస్తూ, ఆ బిడ్డే లేదన్నాను. పని ఆగిపోతుందని అన్నాను. సాయంత్రానికి పెరడు చదునైంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. నిన్న నీ ఉత్తరం చదివాక లెక్కవేసి చూసుకుంటే, ఆ ఆదివారం తరువాతే నీ కడుపులో కదలిక తగ్గింది.

ఇట్లాంటివి నమ్మనని నీ దగ్గర ఎన్ని గొప్పలు పోయానో. ఈరోజు అంగడి మానేసి, బొమ్మనహళ్ళికి పోయి, పార పట్టుకుని మట్టి తోడటం మొదలుపెట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకర పోతున్నది అందుకే. నడుము లోతు దిగేసరికి చౌడమ్మ గోడ అవతలినుంచి చూసింది.

"మొన్న పూడ్చి ఈ పొద్దు తవ్వుతుండావే. ఏమన్నా పోగొట్టుకుంటివా అప్పా?"

"ఇంకా లేదమ్మా" అన్నాను. నా నోటినుంచి ఆ మాట వినగానే పార కింద పడేశాను. గుంతలోనే కూర్చున్నాను. నీ దగ్గర ఉండాల్సినవాణ్ణి అక్కడ మట్టి తోడుతూ ఏం చేస్తున్నట్టు? పైకొచ్చి, గుంత మీద రేకులు పరిచి, రాళ్ళు పెట్టి వచ్చేశాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయను. రేపు మొదటి బస్సుకు నేనే తెస్తున్నాను. అమ్మతో నిన్ను చూడాలనిపించిందని చెప్పాను, అది మాత్రం నిజం. సోమవారం దాకా ఆగేది లేదు, దిగగానే నిన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతాను. నీ ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పే ధైర్యం లేదు కాబట్టి, ఆమె చూసిన తరువాత దీన్ని నీ చేతిలో పెడతాను. అంటే నువ్వు ఇది చదివేసరికి ఆమె ఏం చెప్పిందో నీకు తెలుసు. రాస్తున్న నాకు తెలీదు. భయంగా ఉంది వరూ, చాలా భయంగా ఉంది.

చెన్నయ్య కోసం సాయంత్రం మడివాళలో వెతికాను, కనపడలేదు. అతనికి చెప్పాల్సిన జవాబు నీకే రాస్తున్నాను. మా ఇంట్లో ఉన్నారు. ఇద్దరున్నారు.

ఇట్లు,
నీ భర్త, నీ కడుపులోని బిడ్డకు నాయన,
మునిరాజు