మత్స్యకన్యల కింద నా పేరు

మార్చి 4

ఇమోజెన్ వచ్చింది. సముద్రం ఒడ్డున కడుతున్న కొత్త ఆర్ట్ గ్యాలరీ బాధ్యతంతా ఆమెదే. సముద్రంలోకి కట్టిన పాత చెక్క వంతెన, ఆ పియర్ కింద షెడ్డులో దొరికిన పాత బోర్డుల ఫొటోలు చూపించింది. ఏడుగురు మత్స్యకన్యలు. "లెస్లీ గారూ, ఇవి మీరు వేసినవే కదా?" అంది.

అక్షరాలు నావి. బొమ్మలు అప్పట్లో నాతో కలిసి పనిచేసిన మేవిస్‌వి. అవునన్నాను. ఆమె అడుగుతున్నది బొమ్మల గురించేనని నాకు తెలుసు.

మే 11

గ్యాలరీ తెరిచారు. లండన్ రైలు కిక్కిరిసి వచ్చింది. పదకొండేళ్లు మూతపడి ఇవాళే తెరిచిన ఫిష్ అండ్ చిప్స్ షాపు ముందు క్యూ. మన వీధిలో క్యూ! అది చూసి ఊళ్లో ఆడవాళ్లు సంతోషంతో కళ్లు తుడుచుకుంటున్నారు.

లోపల గోడ మీద మూరెడు అక్షరాల్లో నా పేరు. అందరూ చేతులు కలుపుతున్నారు.

మేవిస్ టీ షాపు ఏప్రన్‌తోనే వచ్చింది. మూడో బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా పక్కకొచ్చి, నాకు మాత్రమే వినపడేలా, "దీని కళ్లు సరిగ్గా కుదర్లేదు, లెస్. ఆ రోజు నాకు జ్వరం" అంది.

అంతే. కప్పులు కడగాలని వెళ్లిపోయింది.

మే 12

ఇల్లు కదల్లేదు.

జూన్ 20

ఇమోజెన్‌కి చెప్పేశాను. పాలిపోయింది. ఊరు ఇప్పుడిప్పుడే లేచి కూర్చుంటోందనీ, పేపర్లకెక్కితే పరువు పోతుందనీ, సీజన్ అయ్యేదాకా ఆగమనీ బతిమాలింది.

సరేనన్నాను. మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైంది. చేసినదానికన్నా ఆ తేలికకే ఎక్కువ సిగ్గుగా ఉంది.

జూన్ 27

టీ షాపుకెళ్లి మేవిస్‌తో, ఊరి కోసం కొన్నాళ్లు ఓపిక పట్టమన్నాను.

"ఊరి కోసమా? డెబ్బై నాలుగులో ఆడదాని పేరు బోర్డు మీద వద్దన్నప్పుడు కూడా ఊరి కోసమే అన్నారు. అప్పుడు నువ్వేమన్నావు?"

అప్పుడు నేనేమీ అనలేదు. ఇద్దరికీ గుర్తుంది.

"టీ తాగితే తాగు, లేకపోతే లే. వెనకాల జనం నిలబడ్డారు."

లేచాను.

జూలై 1, ఉదయం పదకొండు

గ్యాలరీకెళ్లాను. బస్సులో వచ్చిన నలభై మంది ముందు నిలబడి, ఈ బొమ్మలు నావి కావు, మేవిస్ థర్లో వేసినవని చెప్పాను.

నవ్వారు. చప్పట్లు కొట్టారు. ఎంత వినయమండీ మీకు, అని ఒకాయన నా భుజం తట్టాడు. ఇమోజెన్ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడింది.

తిన్నగా పత్రిక ఆఫీసుకు వెళ్లాను.

జూలై 9

వేశారు. మొదటి పేజీలో. రొట్టెల షాపువాడు మొహం తిప్పుకున్నాడు. జనం మాత్రం తగ్గలేదు. పెరిగారు.

జూలై 23

గోడ మీద పేరు మార్చారు. మేవిస్ చూడ్డానికి రాలేదు. నేను రోజూ వెళ్లి చూస్తున్నాను.