కావేరి గొడవ, సుజాత గాజులు

మస్తాన్‌బీ,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలు దాటింది. ఇప్పటికీ బాగా లేకపోతే ఇంకెప్పుడు బాగుంటావు? నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు తప్ప అన్నీ నా మాట వింటున్నాయి.

బోగోలులో మన ఆడపిల్లల హోమ్ నడుస్తోంది. నీ వార్డెన్ కుర్చీలో ఇప్పుడు సుజాత కూర్చుంటోంది. మనుబోలు పిల్ల, సోషల్ వర్క్ చదివింది, మనసు మంచిది. నేను ఎప్పటిలాగే సాయంత్రాలు వెళ్ళి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, కమిటీలో పెద్దలను విసిగిస్తున్నాను.

అసలు సంగతి వేరే. మన కావేరిని హోమ్ నుంచి పంపించేయబోయారు.

నువ్వే తెచ్చావు దాన్ని, గుర్తుందా... పదహారేళ్ళది, కోపమొస్తే ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత మాట. ఇక్కడి నుంచి పంపితే దానికి మిగిలేది తాగి కొట్టే మారుతండ్రి ఇల్లే.

ఒక ఆదివారం కావేరి వాళ్ళమ్మ వస్తానని రాలేదు. అన్నాల వేళ దాకా గేటు వైపు చూసి చూసి, ఒక్కసారిగా లేచి కంచం విసిరింది. తర్వాత ఇంకోటి. అది చిన్నపిల్ల రజియా పాదానికి తగిలింది. సుజాత పరుగున వచ్చింది. వచ్చి ఏం చేసింది? తలుపుకు అడ్డంగా నిలబడింది. కావేరి బయటికి దూసుకుపోబోతే మణికట్టు పట్టుకుంది.

నువ్వుంటే ఏం చేసేదానివో నాకు తెలుసు. ముందు మిగతా పిల్లల్ని బయటికి పంపేదానివి. చేతి గాజులు, కళ్ళజోడు, తలలో పిన్నులు తీసి కిటికీలో పెట్టేదానివి. పైట బిగించి, కాస్త పక్కకు తిరిగి, చెయ్యి చాస్తే అందనంత దూరంలో నిలబడేదానివి. "తలుపుకాడ నిలబడబాక టీచరక్కా, దారి కనపడకపోతే పిల్లి కూడా మొహమ్మీద పడుద్ది," అనేదానివి. ఆ తర్వాత ఒకే గొంతు, అదీ మెల్లగా... "నేనీడే ఉండానమ్మే, నిన్ను ముట్టుకోను."

నిజంగా చేతిలో కత్తిలాంటిదేదైనా కనిపిస్తే నువ్వు బయటికొచ్చి సాయం పిలిచేదానివి. నీ ధైర్యం మీద నీకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. అందుకేనేమో నీకెప్పుడూ దెబ్బ తగల్లేదు.

సుజాత చేతులకు మోచేతి దాకా మట్టిగాజులు. చెల్లెలి సీమంతంలో వేయించుకున్నవి. నీ నియమం ఆమెకు చెప్పకపోలేదు. కానీ తాళి కట్టినవాడు నిక్షేపంలా ఉండగా గాజులెలా తీస్తుంది? నువ్వయితే నవ్వేదానివి. "మొగుడి ఆయుష్షు గాజుల్లో ఉంటే డాక్టర్లెందుకక్కా, గాజులమ్మేవాడు చాలు గదా!"

పెనుగులాటలో ఆ గాజులు చిట్లాయి. ఇద్దరి చేతులూ తెగాయి. రక్తం చూసి వాచ్‌మన్ బ్లేడు, బ్లేడు అని అరిచాడు. ఆ బ్లేడు బోగోలు సెంటరు చేరేసరికి కత్తి అయింది, కావలి చేరేసరికి కొడవలి. ఇంకో ఊరు దాటి ఉంటే ఫిరంగి అయ్యేదేమో.

కమిటీ కూర్చుంది. పిల్లల భద్రత ముఖ్యం అన్నారు. ఎవరు కాదన్నారు? మరి కావేరి పిల్ల కాదా? పంపించేద్దామని సంతకాలకు సిద్ధమవుతుంటే, సుజాతను ఎవరైనా అడిగారా అని అడిగాను. అందరూ ఫ్యాను వైపు చూశారు. అన్ని రోజులూ ఆమెను ఒక్కరూ అడగలేదు. గాయం ఆమెది, కథ మాత్రం ఊరిది.

సుజాత లేచింది. బ్లేడు లేదని చెప్పింది. అడ్డం నిలబడింది తనే, చెయ్యి పట్టుకున్నది తనే, తెగింది తన గాజులతోనే అంది. ఉద్యోగం పోతుందన్న భయం మొహంలో కనిపిస్తూనే ఉంది. అయినా ఒక్క మాటా వెనక్కి తీసుకోలేదు. నీకు నచ్చేది మస్తానూ, ఈ పిల్ల.

కావేరి ఉంటోంది. ఊరికే కాదు. కంచాలు విసరడం తప్పు కాదని నేను అనలేదు, ఎవరినీ అననివ్వలేదు. రజియా పాదం వాపు తగ్గేదాకా దాని బట్టలు కావేరే ఉతికింది. తనంతట తానే అనుకుంటావేమో... నేను చెబితేనే. కోపమొస్తే వెనక సరుగుడు తోట దాకా నడవొచ్చు. కాస్త ఎడంగా ఒకరు వెంట నడుస్తారు, ఏమీ అడగరు.

ఇక గాజులు. సుజాత అత్తగారి దగ్గరికి నేనే వెళ్ళాను. పనిలో ఉన్నంతసేపు మట్టిగాజులు తీసి వెండి గాజుల జత వేసుకుంటుంది, చేతులు బోసిగా ఉండవు అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుంది. కోడలి చెయ్యి బాగుంటేనే మీ అబ్బాయికి వేళకు అన్నం, వేళకు తింటేనే ఆయుష్షు అన్నాను. ఏ శాస్త్రంలో ఉందని ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర మాత్రం ఏముంది?

నిన్న కావేరికి మళ్ళీ కోపం వచ్చింది. ఫోనులో వాళ్ళమ్మే. బల్ల మీద ఒక్క గుద్దు గుద్ది లేచింది. సుజాత పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. పిల్ల తోట వైపు వెళ్ళింది, వెనకాలే కాస్త ఎడంగా హోమ్ ఆయా. నేను లెక్కలు దిద్దుతున్నట్టు నటించాను. ఎన్ని తప్పులకు రైటు కొట్టానో దేవుడికే తెలియాలి.

చీకటి పడకముందే తిరిగొచ్చింది. సుజాత పక్కన కూర్చుని, మణికట్టు మీది మచ్చ చూసి, ఇంకా నొప్పిగా ఉందా అని అడిగింది. కొంచెం ఉంది అంది సుజాత. తర్వాత ఇద్దరూ కలిసే అన్నాలకు లేచారు...

నీ దగ్గర ఈ పిల్లల కోపం తగ్గుతుంటే, నీ చేతి మహిమ అనుకునేవాళ్ళం అందరం. మహిమే అయితే నీతోనే పోవాలి కదా? పోలేదు. నేర్పితే వచ్చే పనే అది. హోమ్‌లో కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే నేర్పుతాను, నాకు ఓపిక ఉన్నంత కాలం. మాట ఇస్తున్నాను.

నీ మాటలన్నీ నా సొంతమైనట్టే చెబుతున్నాను మరి. అభ్యంతరం ఉంటే... ఒక్కసారి వచ్చి చెప్పిపో.

నీ
టీచరక్క