గంట పని

బావగారికి నమస్కారం.

మీ మిల్లు మూతపడ్డాక మీ వీధికి ఉద్యోగాల సర్వేకి వచ్చింది నేనే. “ఈ వారం పనేమైనా చేశారా బావా?” అంటే, “పక్కింటివాళ్ల ఫ్యాను బాగుచేశాన్రా, గంట పట్టింది” అని నవ్వారు. గంట చేసినా పని ఉన్నట్టే రాయాలని మాకు రూలు. వీధి వీధంతా అలాగే రాశాను. నిరుద్యోగం తగ్గిందని పేపర్లు మెచ్చుకున్నాయి, నాకు ప్రమోషన్ వచ్చింది. ఆ లెక్క చూసే, మీ పేటలో అందరికీ పనుందనుకుని, అక్కడికి రావలసిన కొత్త ఫ్యాక్టరీని మరోచోటికి మార్చారు. తెలిసీ నేను నోరు మెదపలేదు.

నిన్న అక్క ఫోన్ చేసి, “దేశమంతా బాగుపడుతుంటే తనకొక్కడికే చేతకాలేదని మీ బావ కుమిలిపోతున్నార్రా” అంది.

అది మీ చేతకానితనమూ కాదు, తలరాతా కాదు బావా. నా చేతిరాత. ఆదివారం వచ్చి వీధిలో అందరి ముందూ ఈ మాట చెప్తాను. మీరు నా పక్కన నిలబడక్కర్లేదు, తలుపు మాత్రం వేసుకోకండి.

మీ బావమరిది