గుసగుస గేటు దగ్గర నిలబడ్డ రోజు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, మీ బావా, నేనూ కులాసా. నువ్వూ కులాసాయేనని మొదటి పేజీలో రాశావు కానీ, రెండో పేజీకి వచ్చేసరికి నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ పక్కన పెట్టేశాను. ఫోన్లో నువ్వు "బాగానే ఉన్నానక్కా" అంటావు, నేను "సరేరా" అంటాను, సంగతి అక్కడితో అయిపోతుంది. అందుకే ఆదివారం భోజనాలయ్యాక అందరూ నడుం వాలిస్తే నేను కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ముందు నువ్వడిగిన చిన్న సంగతులు. అమ్మ మోకాలు నయమే. మందులు వేసుకుంటోంది కానీ, డాక్టరు చెప్పిన వ్యాయామం మాత్రం నేను చూస్తున్నప్పుడే చేస్తుంది. మీ బావ మేడ మీద టమాటా మొక్కలు పెట్టి, వాటికి నాకంటే ఎక్కువ మర్యాద ఇస్తున్నారు. నీ సైకిలు ఎవరికీ ఇచ్చెయ్యలేదు, దాని మీద బట్టలు ఆరేస్తున్నాం.

ఇక పెద్ద సంగతి. బజారులో గొడవ ఆపబోతే నీ చేతులు వణికాయనీ, వెనకున్న కానిస్టేబుళ్ళు అది చూసి నవ్వుకున్నారనీ, ఎస్సైగా నీ మాట ఎవరూ లెక్కచెయ్యడం లేదనీ రాశావు. "నీ చేతులు ఎప్పుడూ వణకవు కదక్కా, నాకీ ఉద్యోగం పడదేమో, మానేద్దామనుకుంటున్నాను, అమ్మకు చెప్పకు" అన్నావు. అమ్మకు చెప్పలేదు. జవాబు చెప్పేముందు మా స్టేషన్లో జరిగింది ఒకటి చెబుతాను, ఓపిగ్గా చదువు.

మా దగ్గరికి నిరుడు ఒక కానిస్టేబుల్ అమ్మాయి కొత్తగా వచ్చింది. గొంతు బల్ల దాటి రాదు. వైర్‌లెస్‌లో మాట్లాడితే అవతలివాళ్ళు "మళ్ళీ చెప్పండి" అనడమే తప్ప విన్నది లేదు. వారం తిరక్కుండానే స్టేషనంతా ఆ అమ్మాయిని గుసగుస అని పిలవడం మొదలుపెట్టింది. మా హెడ్ కానిస్టేబుల్‌ని అందరం బాబాయ్ అంటాం. ఆయన నా గదిలోకి వచ్చి, "ఈ పిల్లని రాతపనిలో వేసేద్దాం మేడమ్. వీధిలోకి పంపితే ఆగమన్న సంగతి తెలియక దొంగ పారిపోతాడు" అన్నాడు. నేనూ నవ్వాను.

గట్టిగా మాట్లాడటం నేర్పుదామని కొన్నాళ్ళు చూసి మానుకున్నాను. దానికి బదులు ఎక్కడికెళ్ళినా వెంట తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు జీపులో ఒకటే అడిగేదాన్ని, "నా చోట నువ్వుంటే ఏం చేసేదానివి?" అని. మొదట్లో "మీరు చేసిందే మేడమ్" అనేది. పోనుపోను, "ఆ పెద్దాయన్ని ముందు కూర్చోబెట్టేదాన్ని మేడమ్" లాంటివి చెప్పసాగింది. విన్నప్పుడల్లా లోపల కాస్త చివుక్కుమనేది. చాలాసార్లు అది నాకు తట్టని విషయమే మరి.

పోయిన మంగళవారం మధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. ఒంటిపూట బడికి వెళ్ళిన ఒక చిన్నపాప ఇంటికి రాలేదు. ఆ వీధుల్లో కొత్తగా దుప్పట్లు అమ్ముకుంటున్న ఒక మనిషి ఉన్నాడు. వాడే ఎత్తుకుపోయాడని ఎవరో అన్నారు, అంతే, పదిమందీ కలిసి చావబాదారు. మావాళ్ళు అడ్డంపడి అతన్ని స్టేషన్లోకి లాక్కొచ్చేసరికి వెనకాలే వీధివీధంతా వచ్చి గేటు మీద పడింది. వాణ్ణి మాకు అప్పగించండని ఒకటే అరుపులు. రాయి తగిలి నా గది కిటికీ అద్దం పగిలింది. పై అధికారి ఫోన్ చేసి, "ఇంకా ఏం చూస్తున్నారు? లాఠీలు తియ్యండి, చెదరగొట్టండి" అన్నారు.

నేను మైకు పట్టుకుని వెళ్ళిపొమ్మని చెప్పాను. చెప్పినకొద్దీ వాళ్ళ గొంతు పెరిగింది. అప్పుడు గుసగుస నా పక్కకొచ్చి, "మైకు ఆపెయ్యండి మేడమ్. పాప వాళ్ళమ్మ ముందు వరసలోనే ఉంది. నేను ఆవిడతో మాట్లాడతాను" అంది.

"గేటు తీస్తే లోపలికి తోసుకొస్తారే."

"నేనే బయటికెళ్తాను మేడమ్. పక్క తలుపు చాలు."

పై అధికారికి ఫోన్ చేసి, కాసేపు ఆగుతున్నాను, ఏం జరిగినా నాదే బాధ్యత అని చెప్పాను. "ఆ మాట గుర్తుపెట్టుకోండి" అని పెట్టేశారు. ఆ అమ్మాయి లాఠీ నా చేతికిచ్చి బయటికి నడిచింది. నేను ఒక అడుగు వెనక నిలబడ్డాను.

వెళ్ళి ఆ తల్లిని ఏదో అడిగింది. ఆవిడకు వినపడలేదు. మళ్ళీ అడిగింది. ఆ తల్లి వెనక్కి తిరిగి, "కాసేపు నోళ్ళు మూస్తారా, ఈవిడ నా బిడ్డ గురించి అడుగుతోంది" అని కసిరింది. ముందున్నవాళ్ళు ఆగారు, వాళ్ళను చూసి వెనకవాళ్ళు ఆగారు.

"పాప బడి నుంచి ఎలా వస్తుందమ్మా?"

"వ్యానులో."

"ఇవాళ వ్యాను దిగడం ఎవరు చూశారు?"

అందరికంటే గట్టిగా అరిచిన బండ్ల మెకానిక్కు, "దుప్పట్లవాడి దగ్గర చూశారంట" అన్నాడు. "ఎవరు చూశారన్నా?" అంటే అతను వెనకవాడి వైపు చూశాడు. వెనకవాడు తన వెనకవాడి వైపు చూశాడు.

"అన్నా, ఇక్కడి బండ్లన్నీ మీకు తెలుసు కదా. ఆ వ్యాను ఈ వేళప్పుడు ఎక్కడుంటుంది?"

"మా షెడ్డు వెనకాలే. డ్రైవరు తాళమేసి తిండికి పోతాడు. ఎండలోనే..." అని ఆగిపోయాడు. తమ్ముడూ, ఆ మెకానిక్కు ముఖం మారడం నేను చూశాను. మరుక్షణం పరుగందుకున్నాడు. వాడి వెంట గుంపంతా, మేమంతా.

పాప వెనక సీటు కింద పడుకుని ఉంది, చెమటలో తడిసి, స్పృహ లేకుండా. అద్దం పగలగొట్టి ఎత్తుకొచ్చింది ఆ మెకానిక్కే. మా జీపులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరు. మర్నాటికి లేచి కూర్చుని తన పెన్సిళ్ళ డబ్బా ఏదని అడిగిందట.

దుప్పట్లవాడు మాత్రం పెదవి చీలి, స్టేషన్లో బల్ల మీద ముడుచుకుని కూర్చున్నాడు. "నాకే కేసూ వద్దు, నన్ను పోనివ్వండి" అన్నాడు. గుసగుస పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు, చివరికి ఫిర్యాదు ఇచ్చాడు. డ్రైవరు మీదా, కొట్టినవాళ్ళ మీదా కేసులు పెట్టాం. మెకానిక్కు పిలవకముందే వచ్చి కొట్టినవాళ్ళలో తన పేరూ చెప్పుకున్నాడు. దుప్పట్లవాడు అతని ముఖం చూడలేదు. చూడకపోవడం తప్పని నేననను.

ఇంతవరకూ చదివి, అక్క ఎంత నిబ్బరంగా ఉందో అనుకుంటున్నావేమో. ఇప్పుడు అసలు మాట చెబుతాను. ఆ గేటు దగ్గర నా చేతులు ఎంత వణికాయంటే, మైకు జారిపోకుండా రెండు చేతులా పట్టుకున్నాను. ఆ అమ్మాయిని బయటికి పంపింది పూర్తి నమ్మకంతోనే అని కూడా చెప్పలేను. సగం నమ్మకం, సగం ఇంకేమీ తోచకపోవడం. ఏ గుంపు ముందైనా నాకు ఇంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నన్ను చూసే నువ్వు ఈ ఉద్యోగంలో చేరావు కాబట్టి, నీకు అసలే చెప్పలేదు.

మర్నాడు పొద్దున రోల్ కాల్‌లో అందర్నీ మెచ్చుకుందామని నిలబడ్డాను. నోట్లోంచి మాత్రం, "నిన్న నాకు చాలా భయమేసింది" అన్న మాట వచ్చింది. ఉన్న పరువు కాస్తా పోయిందనుకున్నాను. అంతలో బాబాయ్ టోపీ సర్దుకుని, "నాకూ వేసింది మేడమ్. ఈ బట్టలు వేసుకున్నప్పట్నుంచీ వేస్తూనే ఉంది. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు. ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పారు. భయమేసినప్పుడు ఎక్కడ నిలబడాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ముందు ఎవరితో మాట్లాడాలి అని ఆ పూట మాట్లాడుకున్నంత నేను శిక్షణలో కూడా వినలేదు. గుసగుస చెబుతుంటే బాబాయే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

పై అధికారి నన్ను సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఏమవుతుందో తెలియదు. వచ్చే నెల నుంచి మాత్రం బజారు గస్తీ బాధ్యత ఆ అమ్మాయిదే.

నీ మాట ఎలా వింటారని కదా అడిగావు. రేపు మీవాళ్ళ ముందు నిలబడి, మొన్న నా చేతులు వణికాయని నువ్వే చెప్పెయ్. కొందరు నవ్వుతారు, నవ్వనీ. నవ్వనివాడు ఒకడుంటాడు, వాణ్ణి వెంట తీసుకెళ్ళు, తిరిగొచ్చేటప్పుడు నువ్వైతే ఏం చేసేవాడివని అడుగు. ఆ తర్వాత కూడా మానెయ్యాలనిపిస్తే మానెయ్, నేనే అమ్మకు సర్దిచెబుతాను.

ఇది రాస్తుండగానే అమ్మ లేచి వచ్చి, "వాడికేనా? అంతసేపు ఏం రాస్తున్నావే?" అంది. దాచబుద్ధి కాలేదు. "గొడవలప్పుడు నా చేతులు వణుకుతాయని రాస్తున్నానమ్మా" అన్నాను.

"తెలుసులే. బందోబస్తు ఉన్న రోజుల్లో పొద్దున్నే గుండీలు పెట్టుకోలేక నువ్వు పడే అవస్థ చూస్తూనే ఉన్నాగా" అంది. లోపలికి వెళ్ళబోతూ ఆగి, "వాడివి కూడా నీ చేతులే. బెంగపడి తిండి మానొద్దని రాయి" అంది.

ఇట్లు,
నీ బాగు కోరే
అక్క