నిలవని చుక్క

సెప్టెంబర్ 6, 2025, శనివారం

పొద్దున స్నేహితుడు సూర్యప్రకాశ్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. పాతిక గజాల దూరం. పది షాట్లలో మూడే నల్ల వలయంలో పడ్డాయి. మిగతావి పేపరంతా చల్లినట్టున్నాయి. నిరుడు ఇదే పిస్టల్‌తో తొమ్మిది పెట్టేవాణ్ణి. ఏమైందో బుర్రకెక్కడం లేదు.

ట్రిగ్గర్ బరువుగా ఉందేమో అన్నాడు సూర్యప్రకాశ్. అదే అయ్యుంటుంది. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ ట్రావిస్‌కి ఇచ్చి వచ్చాను. నిరుడు సూర్యప్రకాశ్‌కి నూట యాభైకి చేసిన పనికి నాకు రెండొందల నలభై డాలర్లు చెప్పాడు. అదేమిటంటే దిగుమతుల మీద టారిఫ్‌లుట, స్ప్రింగులు కూడా పెరిగాయిట. అసలు పిస్టల్ కొన్నదే ఆరొందలకి.

మా ఆవిడ ఆండాళ్ ఈమధ్య కాఫీ సగం కప్పే పోస్తోంది. నేను డబ్బు తగలేస్తుంటే ఆవిడ పొదుపు మొదలుపెట్టినట్టుంది. అడిగితే ముందు అది తాగండి, కావాలంటే మళ్లీ పోస్తానంది.

సెప్టెంబర్ 20, శనివారం

ట్రిగ్గర్ వెన్నలా ఉంది. షాట్లు మాత్రం అలాగే చెదురుతున్నాయి. గుండు బయటికొచ్చే గొట్టం, బ్యారెల్, మార్చి చూడమన్నాడు ట్రావిస్. జూన్‌లో మూడొందల పది ఉన్న పోటీల రకం బ్యారెల్ ఇప్పుడు మూడొందల తొంభై. వెయ్యమన్నాను. నవంబర్‌లో షూటింగ్ పోటీకి పేరిచ్చేశాను మరి.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఇవాళ ఆరు కాటరాక్ట్ ఆపరేషన్లు చేశాను. అయిదోది చాలాసేపు పట్టింది. శుక్లం తీసే కొత్త హ్యాండ్‌పీస్ చేతిలో సరిగ్గా కూర్చోవడం లేదు, మార్చమన్నాను. అది కొత్తది కాదు డాక్టర్, మూడేళ్లుగా అదే వాడుతున్నాం అంది నర్స్. అలాగా అన్నాను. పేషెంట్‌కి ఏమీ కాలేదు.

సెప్టెంబర్ 27, శనివారం

కొత్త బ్యారెల్‌తో కూడా అంతే. అరవై దాటిన కళ్లకి గురిచూసే మామూలు సైట్లు కష్టం, రెడ్ డాట్ పెట్టించుకో అన్నాడు ట్రావిస్. కళ్ల డాక్టర్‌కి కళ్ల గురించి చెబుతున్నాడు. అయినా పాయింటే. పిస్టల్ పైన చిన్న అద్దం, అందులో ఎర్ర చుక్క. చుక్క ఎక్కడుంటే గుండు అక్కడికి పోతుంది. నాలుగొందల ఎనభై. అది బిగించడానికి పైభాగం చెక్కినందుకు ఇంకో రెండొందలు. చేతి చమురు బాగానే వదిలింది.

అక్టోబర్ 2, విజయదశమి

దేవుడి గదిలో కారు తాళాలు, తన కుట్టుమిషన్, ఆపరేషన్లలో వాడిన నా పాత ఫోర్సెప్స్ పెట్టింది ఆండాళ్. పిస్టల్ కూడా పెడతానన్నాను. ఖాళీ చేసి చూపిస్తేగానీ ఒప్పుకోలేదు. అన్నింటికీ గంధం, కుంకుమ, దోసిలినిండా అక్షింతలు.

నేను హారతి ఇస్తుంటే నా చేతి కింద తన చెయ్యి పెట్టి పట్టుకుంది. పెళ్లైన కొత్తలో కూడా ఇలాంటివి చెయ్యలేదు. ఏమిటన్నాను. ఏం లేదంది.

అక్టోబర్ 4, శనివారం

చుక్క వణుకుతోంది. టార్గెట్ చుట్టూ ఈగలా తిరుగుతోంది తప్ప ఒకచోట నిలవదు. ఇంత డబ్బు పోసి కొన్నది ఇదా. ఒళ్లు మండి పిస్టల్ తీసుకెళ్లి ట్రావిస్ బల్ల మీద పెట్టాను.

అతను భూతద్దంతో చూసి, అద్దం వెనక సందులోంచి పట్టకారుతో ఒక పసుపు గింజ తీశాడు. అక్షింత. ఇదేమిటన్నాడు. పనిముట్లకి పూజ చేస్తాం, ఇది ఆశీర్వాదం బియ్యం అని చెప్పాను. వాళ్ల అమ్మమ్మ కూడా జింకల వేట సీజన్ ముందు రైఫిల్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేదిట. బియ్యం మాత్రం పోసేది కాదుట.

హమ్మయ్య, దొంగ దొరికింది. ఇంటికొచ్చి ఆండాళ్‌ని కేకలేశాను. అక్షింతలు కాస్త చూసి వెయ్యొచ్చుగా అని. సరే, ఈసారి చూసి వేస్తానంది. ఆవిడ అలా ఊరుకునే మనిషి కాదు.

అక్టోబర్ 5, ఆదివారం

గింజ లేదు. చుక్క ఇంకా వణుకుతోంది.

అక్టోబర్ 11, శనివారం

షాపులో సైట్ మార్చి ఇచ్చారు. అదీ వణికింది. వేరే కంపెనీది, ఏడొందలది కొన్నాను. రెండు కంపెనీలకి ఒకే లోపం ఎలా వస్తుందో తెలియదు.

సాయంత్రం సూర్యప్రకాశ్ ఫోన్. వాళ్లావిడ రాధారాణికి ఇరవై ఒకటో తారీకు మంగళవారం నా దగ్గరే కుడికన్ను సర్జరీ. భీమశంకరం గారు చేస్తేనే చేయించుకుంటా, లేకపోతే ఇలాగే ఉంటానందిట. నిశ్చింతగా రమ్మన్నాను.

అక్టోబర్ 18, శనివారం

గరాజ్‌లో పిస్టల్ ఖాళీ చేసి, గోడ మీద క్యాలెండర్‌కి గురిపెట్టాను. ఏడొందల చుక్క కూడా గంతులేస్తోంది. కంపెనీకి కంప్లైంట్ పెడదామని, సాక్ష్యానికి ఆండాళ్‌ని పిలిచాను.

చపాతీ పిండి చేతులతో వచ్చింది. నాకొద్దండీ ఇవన్నీ అంది. ఖాళీయేనని రెండుసార్లు చూపించాక చేతులు తుడుచుకుని పట్టుకుంది. జన్మలో పిస్టల్ పట్టని మనిషి. చుక్క ఎలా కదులుతోందో చెప్పమన్నాను.

కదలడం లేదండీ, ఉన్నచోటే ఉంది అంది.

సరిగ్గా చూడమన్నాను. ఒంటి చేత్తో పట్టుకోమన్నాను. పట్టుకుంది. ఇప్పుడూ కదలడం లేదంది. ఆ మాట చాలా మెల్లిగా అంది. పిస్టల్ నా చేతిలో పెట్టి, మంగళవారం రాధారాణికి మీరే చేస్తున్నారా అని అడిగింది. నేను జవాబు చెప్పకముందే లోపలికి వెళ్లిపోయింది.

అక్టోబర్ 19, ఆదివారం

ముప్పై ఏళ్లుగా కళ్లు కోస్తున్నాను. చెయ్యి వణికితే నాకు తెలియదా? మైక్రోస్కోప్ కింద ఎప్పుడూ వణకలేదు. అయిదో కేస్ హ్యాండ్‌పీస్ వల్లే. కాదా? మరి కాఫీ ఎప్పటినుంచి సగం పోస్తోంది? ఎండాకాలం నుంచా, ఇంకా ముందునుంచా?

భయంగా ఉంది. రాధారాణి కన్ను గుర్తొస్తే ఇంకా భయంగా ఉంది.

అక్టోబర్ 20, సోమవారం, దీపావళి

సర్జరీ సెంటర్‌కి ఫోన్ చేసి రేపటి కేసులన్నీ వేరే డాక్టర్‌కి ఇమ్మన్నాను. న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. తర్వాత సూర్యప్రకాశ్‌కి చేశాను. ఏమైంది, మిషన్ పాడైందా అని అడిగాడు. మిషన్ బాగానే ఉందన్నాను.

అక్టోబర్ 21, మంగళవారం

కాఫీ కప్పు నిండా పొయ్యమన్నాను. ఆండాళ్ నా మొహం చూసి, పోసింది. నేను కప్పు ఎత్తేసరికి సగం బల్ల మీదే పోయింది. తుడిచి, మళ్లీ పోసింది. సగం వరకే.