లవీనియా వండిన పంది తొడ

మిల్ ఫోర్క్, వెస్ట్ వర్జీనియా
1960 మే 14, శనివారం

క్రీస్తునాథుని దయకు పాత్రురాలైన చెల్లెలు సిస్టర్ కొలంబాకు అక్క అగాథా దీవెనలు. ఇక్కడ మేం క్షేమం. మీ మఠంలో అందరూ కులాసా అని తలుస్తాను.

మన కాథలిక్ అభ్యర్థి ఇక్కడ, ప్రెసిడెంటు పోటీకి పార్టీ మనిషిని ఎంచే తొలి ఎన్నికలో గెలిచిన సంగతి విన్నావు. ఎదురింటి ఎజ్రా ఎలా మారాడని అడిగావు.

ఎజ్రా బాప్టిస్టు పెద్ద. వీధి ఓట్లన్నీ ఆయన మాట మీదే పడతాయి. కాథలిక్కు ప్రెసిడెంటైతే పోపు గారు రోములో కూర్చుని మన దేశాన్ని ఏలుతారని ఆయన బెంగ. ఈ వీధిని గెలిపిస్తానని పార్టీకి మాటిచ్చిన తమ్ముడు కార్నీలియస్, ఆ బెంగ తీర్చాలని మొగుడూ పెళ్లాలను ఎన్నికకు ముందు శుక్రవారం భోజనానికి పిలిచాడు. శుక్రవారం మనం మాంసం ముట్టమని చెప్పడం మరిచాడు. నేను చేపలు వండాను. ఎజ్రా భార్య లవీనియా పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నిలబడి, అనాస ముక్కలు పేర్చి, పంది తొడ కాల్చి తెచ్చింది.

ఎవరి చెయ్యీ కదల్లేదు. ఎజ్రా కుర్చీ వెనక్కి వాల్చి, ఏమోయ్ కార్నీ, పోపు వద్దంటే మా ఆవిడ వంట కూడా ముట్టరా, రేపు మీవాడు సంతకం పెట్టాలన్నా ఆయన్నే అడగాలా అన్నాడు. ఊరుకోండి, పాస్టరు గారు వస్తే చుట్ట జేబులో కుక్కి కోటు కాల్చుకున్నది ఎవరు అంది లవీనియా. అంది గానీ, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కళ్లు మూసుకుని పునీత జోజప్ప గారిని తలచుకున్నాను.

మంగళవారం ఎజ్రా మనవాడికే ఓటేశాడు, వీధి చేతా వేయించాడు. మన నవదిన ప్రార్థనల ఫలమేనని తమ్ముడు ఫాదర్ మల్రాయ్ గారితో చెప్పాడు. ఆయన రేపు పూజలో ఆ అద్భుతం మీదే ప్రసంగిస్తున్నారు.

జపమాలలో నన్ను మరవకు.

నీ అక్క,
అగాథా

తా.క. ఇది మఠంలో పైకి చదవకు. కళ్లు తెరిచి ఆ తొడలో ఓ ముక్క కోసుకుని తిన్నాను. ఓటు కోసం కాదు, లవీనియా కోసం. రెండో ముక్క రుచి కోసం. పోపు మాట దాటే కాథలిక్కూ ఉందన్నమాట, ఇక భయం లేదు అన్నాడు ఎజ్రా. ఈ సాయంత్రం గుళ్లో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి చెప్పేశాను. అక్కడ విన్నది బయటపెట్టకూడదు గనక ప్రసంగం మార్చడానికి వీల్లేదట. రేపు ముందు వరుసలో కూర్చుని, నవ్వకుండా చివరిదాకా వినడం నాకు ప్రాయశ్చిత్తం.