నాలుగో అంతస్తు సార్ పేరు

జూన్ 3, సోమవారం
లిఫ్ట్ ఆటోమేటిక్ చేస్తున్నారట. నెలాఖరుకి లిఫ్ట్ ఆపరేటర్ అక్కర్లేదు, అంటే నేను అక్కర్లేదు. రిసెప్షన్‌లో ఒక్క సీటు ఉంది, ఇంగ్లిష్ టెస్ట్ పాసైతే నాకే ఇస్తామని మేనేజర్ అన్నాడు. పందొమ్మిదేళ్లు ఈ పెట్టెలో బటన్లు నొక్కినవాడికి టెస్ట్! ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

జూన్ 5, ఉదయం 6
మా ఆవిడ ఇంటర్ చదివింది. పాత గ్రామర్ పుస్తకం దులిపి తెచ్చి నౌన్లతో మొదలుపెట్టింది. మనిషికి పెట్టిన సొంత పేరు ప్రాపర్ నౌన్ అట. ఊరికే మనిషి అంటే కామన్. గుంపు కలెక్టివ్. ఇనుము, చెక్క మెటీరియల్. మూడుసార్లు తప్పు చెప్పాను. నీ బుర్రలో ఉన్న మట్టి కూడా మెటీరియల్ నౌనే అంది. నవ్వాను గానీ ఒళ్లు మండింది.

జూన్ 11
లిఫ్ట్‌లో ఫ్యాన్ పాడైంది. ఎనిమిది మంది ఎక్కారు. గోడకి అతుక్కుపోయి నోట్లోనే వల్లె వేస్తున్నాను. క్రౌడ్. ఐరన్. స్వెట్. వీడికేమైనా పిచ్చి పట్టిందా అన్నట్టు చూసింది రెండో అంతస్తు మేడమ్. పట్టినా పట్టొచ్చు.

జూన్ 14
భయం అబ్‌స్ట్రాక్ట్ నౌన్ అట. చేత్తో ముట్టుకోలేనిదట. మా ఆవిడకేం తెలుసు! నాకు పొద్దున్నుంచీ పొట్టలో రాయిలా తగులుతోంది. నలభై ఆరేళ్లొచ్చాయి. ఇంకెవరిస్తారు పని?

జూన్ 18
రేపే.

జూన్ 19, మధ్యాహ్నం 3
అన్నీ వచ్చినవే! ఆఖరి ప్రశ్న ఒక్కటే కొంప ముంచింది. ఈ ఆఫీసులో పనిచేసే పదిమంది పేర్లు రాయమన్నారు. పెన్ను కదల్లేదు. పందొమ్మిదేళ్లుగా వీళ్లంతా నాకు అంతస్తులే. మొహం కనబడగానే చెయ్యి దానంతటదే బటన్ మీదికి వెళ్తుంది, ఇక పేరుతో పనేముంది? చివరికి రెండో అంతస్తు మేడమ్, నాలుగో అంతస్తు సార్ అని రాసుకుంటూ పోయాను.

పేపర్ దిద్దింది నాలుగో అంతస్తు సారే. పగలబడి నవ్వాడు. రోజుకి నాలుగుసార్లు ఎక్కించుకుంటావు, నా పేరు కూడా తెలీదటయ్యా అన్నాడు. మరి నా పేరేంటో చెప్పండి సార్ అన్నాను. నోరు జారింది. ఆయన నవ్వు ఆపేసి, పేపర్ మొదటి పేజీకి తిప్పి పైన ఏం పేరు రాసుందో చూసుకున్నాడు.

జూన్ 28
ఆఖరి రోజు. సీటు ఇంకెవరికో ఇచ్చారు. ఇంటికొచ్చి, నాకే వచ్చిందని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు. మా ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

జూలై 1, ఉదయం 8:40
చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. మొదటి రోజే లేటేంటని గుమ్మంలో నిలబడి తొందరపెడుతోంది. ఎక్కడికి వెళ్లాలి?